రెండుసార్లూ క్లీన్

ఏప్రిల్ 9, బుధవారం

ఆర్విడ్ ఉద్యోగం మానేశాడు.

ఈ ఒక్క వాక్యం రాసి దాన్నే చూస్తూ కూర్చున్నాను. కౌంటీ రోడ్ల శాఖలో ఇరవై రెండు చలికాలాలు మంచు తోసే ప్లౌ లారీ నడిపిన మనిషి. పొద్దున నా ఎదురుగానే కాఫీ తాగాడు, బూట్లు తొడుక్కున్నాడు, నా పక్కన కూర్చుని గరాజ్‌కి వచ్చాడు. లారీలకి రేడియోలో కబుర్లు అందించే నా ఆఫీసు తలుపు తీసి, రేడియో ఆన్ చేసి, కోటు విప్పేలోపే డ్వేన్ టేబుల్ మీద చిన్న చీటీ పెట్టి వెళ్ళిపోయాడు. ఈరోజు నుంచి మానేస్తున్నానని రాసి సంతకం. కారణం లేదు. పెళ్ళానికి ఒక మాట లేదు.

డ్వేన్ రౌటియో మా ఫోర్‌మన్. చీటీ పట్టుకుని నా దగ్గరికొచ్చి, "ఏంటి గ్వెన్ ఇది? మీ ఆయనకి పొద్దున్నే హాస్యాలా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు గేట్లోంచి తెల్ల వ్యాన్ లోపలికొచ్చింది. డ్రగ్ టెస్ట్ వాళ్ళది.

వాళ్ళు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. కంప్యూటర్ ఎవరి పేర్లు లాగితే ఆ డ్రైవర్లు ఉన్నపళంగా కప్పు పట్టుకుని బాత్‌రూమ్‌లోకి నడవాలి. డ్వేన్ ఫోన్ చూసి మూడు పేర్లు గట్టిగా చదివాడు. రెండోది ఆర్విడ్ లెహ్టో.

గరాజ్‌లో అందరూ నావైపు చూశారు.

ఏప్రిల్ 10

సూపరింటెండెంట్ పెల్కీ గారు పిలిచారు. తలుపు వేయమన్నారు. ఆయన తలుపు వేయమన్నారంటే మంచి మాట కాదు.

పేరు చదివాక వెళ్ళిపోయి ఉంటే టెస్ట్‌కి నిరాకరించినట్టే లెక్క, నిరాకరించడం అంటే ఫెయిలైనట్టే, ఇక దేశంలో ఎక్కడా లారీ ఎక్కనివ్వరు అన్నారు. కానీ ఆర్విడ్ చీటీ ముందు పెట్టాడు, పేరు తర్వాత వచ్చింది. కాబట్టి రికార్డులో ఉట్టి రాజీనామా. "అదృష్టవంతుడు" అని, చీటీ మీద తేదీ మళ్ళీ చూసి, "అదృష్టమేనా?" అన్నారు.

ఆ పేర్లు నాకు ముందే తెలుసా అని సూటిగానే అడిగారు. అవి డ్వేన్ ఫోన్‌కి తప్ప ఎక్కడికీ రావని, నా కంప్యూటర్‌లో కనిపించవని చెప్పాను. "నమ్ముతున్నాన్లే గ్వెన్" అన్నారు. అంటున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు.

ఇంటికొచ్చి ఆర్విడ్‌ని ఎందుకు మానేశావని అడిగాను. "విసుగొచ్చింది" అన్నాడు. ఏం విసుగు? "డ్వేన్ మొహం చూసి చూసి." డ్వేన్ మొహం అతను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాడు.

ఏప్రిల్ 27

మత్తు మాత్రలేమైనా దొరుకుతాయేమోనని స్నానాల గది అలమారా అంతా తీసి చూశాను. నా పంటి మందు, ఆస్పిరిన్. ఇంకేం లేవు. ఏమీ లేకపోవడం నాకు నచ్చలేదు.

జూన్ 19, గురువారం

ఆర్విడ్ ఇప్పుడు వాళ్ళ మేనమామ కొడుకు నడిపే కోత మిల్లులో చెక్కలు పేరుస్తున్నాడు. లారీ అడిగితే ఇస్తారు, వద్దన్నాడట.

మార్పులు రాసి పెట్టుకుంటున్నాను, లేకపోతే నాకే పిచ్చి పట్టిందనుకుంటాను. పొద్దుపోయాక ఎక్కడికి వెళ్ళాలన్నా బండి తాళాలు నాకిస్తాడు, నడుం పట్టేసిందంటాడు. నడుం పట్టేసినవాడు పగలంతా దుంగలు ఎలా మోస్తాడు? నిన్న కాఫీ కప్పు టేబుల్ మీంచి తోసేశాడు. ఈ నెలలో ఇది మూడోదో నాలుగోదో. ఆవిరి స్నానాల సావ్నా గది తలుపు అంచు కొట్టుకుని కుడి కణత కమిలింది. సావ్నా అతను కట్టిందే, ఆ తలుపూ అతను బిగించిందే. ఏమైందంటే "చీకట్లో చూళ్ళేదు" అన్నాడు. చీకటి ఎక్కడుంది? జూన్ నెలలో మా ఊళ్ళో రాత్రి పదింటిదాకా వెలుతురు.

పైగా అప్పుడప్పుడూ గురువారాలు మార్క్వెట్ పట్నం వెళ్తున్నాడు. రంపం సామాను కోసమట. వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు, వచ్చేసరికి చేతులు ఖాళీ.

జూలై 8

అతని బండి డాష్‌బోర్డు అరలో, రుమాలులో చుట్టిన చిన్న సీసా దొరికింది. కంటి చుక్కలు. మీద మందుల కొట్టు వాళ్ళు అంటించిన కాగితాన్ని గోటితో గీకేశాడు.

ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టేశాను. రుమాలు మడత కూడా అలాగే.

జూలై 9

రోండాకి చెప్పకుండా ఉండాల్సింది. మా వీధి నుంచి సరస్సు దాకా ఉత్తరాలు పంచేది ఆమే, స్కూలు రోజుల నుంచి నా స్నేహితురాలు. యాలకుల రొట్టె కోసి పెడుతూ నోరు జారాను. రోండా రొట్టె పక్కన పెట్టేసి, "పిచ్చిదానా, కంటి చుక్కలు ఎవరు వేసుకుంటారనుకున్నావ్? గంజాయి తాగేవాళ్ళు. కళ్ళ ఎరుపు పోవడానికి" అంది. మన రాష్ట్రంలో గంజాయి కొట్లో బహిరంగంగా అమ్ముతున్నారు కాబట్టి తాగితే నేరం కాదు, కానీ లారీ తోలేవాడికి మాత్రం అది కూడా నిషేధమే కదా అంది. అదీ నిజమే. ఆ తెల్ల వ్యాన్‌కి గంజాయి అయినా మాత్రలైనా ఒకటే.

వెళ్తూ వెళ్తూ, "కాగితం ఎందుకు గీకాడే మరి?" అంది. ఒప్పుకోక తప్పదు, నేనూ అదే అనుకుంటున్నాను.

ఆగస్టు 23, శనివారం

రోండా చెల్లెలు ఆర్విడ్‌ని మార్క్వెట్‌లో చూసిందట. ఏదో క్లినిక్ బయట, బండిలో, స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చున్నాడట. పలకరించబోతే తల తిప్పుకున్నాడట.

మత్తు మాన్పించే క్లినిక్ అయ్యుంటుంది. అయితే మంచిదే కదా. మంచిదైతే నాకెందుకు చెప్పడు?

రాత్రి మాంసం, దుంపలు కూరిన పేస్టీలు చేశాను. ప్లేటులో సగం తిని చాలన్నాడు. మిగతా సగం ప్లేటులో కుడి పక్కన అలాగే ఉంది.

సెప్టెంబర్ 2

గరాజ్‌లో నేను లోపలికి వస్తే మాటలు ఆగిపోతున్నాయి. పేర్లు నేనే లీక్ చేశానని వాళ్ళ నమ్మకం. ఇవాళ కాఫీ మెషీన్ దగ్గర ఒకడు, "గ్వెన్, ఈసారి వ్యాన్ ఎప్పుడొస్తుందో మాక్కూడా చెప్పమ్మా, సెలవు పెట్టుకుంటాం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఒప్పుకున్నట్టుంటుంది.

అక్టోబర్ 14, మంగళవారం

సాయంత్రం డ్వేన్ మా ఇంటికొచ్చాడు. బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చేశాడంటే కంగారులో ఉన్నాడన్నమాట. ఇద్దరు డ్రైవర్లు జీతం ఎక్కువని గనిలోకి వెళ్ళిపోయారు. నెల లోపే మంచు మొదలవుతుంది. "ఒరేయ్ ఆర్విడ్, నీకు దణ్ణం పెడతాను, రారా" అన్నాడు.

ఆర్విడ్ కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఈమధ్య అలాగే పట్టుకుంటున్నాడు.

డ్వేన్ రూల్స్ చెప్పాడు. రాజీనామా చేసి నెల దాటినవాడు టెస్టుల జాబితాలో ఉండడు, కాబట్టి తిరిగొస్తే కొత్తవాడి కిందే లెక్క. స్టీరింగ్ ముట్టుకునే ముందు డ్రగ్ టెస్ట్ క్లీన్ రావాలి. ఇరవై రెండేళ్ళ సీనియారిటీ పోతుంది, రూట్ ఎంచుకోవడంలో అందరికంటే చివర. "డాక్టర్ పరీక్ష గొడవ మాత్రం లేదు. నీ ఫిట్‌నెస్ కార్డు వచ్చే జూలై దాకా చెల్లుతుంది. ఉన్నదల్లా ఆ కప్పు ఒక్కటే" అని, ఆర్విడ్ కళ్ళలోకి చూసి, "నీకేం ఇబ్బంది లేదు కదరా, దాంతో?" అన్నాడు.

ఆర్విడ్ ఆలోచిస్తానన్నాడు. ఏముంది ఆలోచించడానికి?

డ్వేన్ తలుపు దగ్గర నాతో మెల్లిగా, "ఒంట్లోంచి దిగడానికి టైమ్ కావాలంటే రెండు వారాలు ఆగుతాలే" అన్నాడు. సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు.

అక్టోబర్ 15

పోట్లాడుకున్నాం. ఇన్నేళ్ళలో ఇంత గట్టిగా ఎప్పుడూ లేదు. పక్కింటి కుక్క మొరిగింది.

నీ మూలంగా నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారన్నాను. పెల్కీ గారి పెన్ను మూత సంగతి చెప్పాను. కాఫీ మెషీన్ దగ్గర నవ్వులు చెప్పాను. తప్పు చేయనివాడివైతే ఆ కప్పులో పోసి చూపించు, నీ కోసం కాకపోతే నా కోసం అన్నాను. "అంటే నువ్వు కూడానా?" అన్నాడు. నేను సింకులో కప్పులు కడగడం మొదలుపెట్టాను. అదే జవాబు అయింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి పరదా లాగేశాడు. తర్వాత, "సరే. పోసి చూపిస్తా" అన్నాడు. అంత మెల్లిగా అన్నాడు కాబట్టి నేనింకా అనుమానపడ్డాను.

అక్టోబర్ 20, సోమవారం

టెస్ట్ అయింది. జేబులన్నీ తిరగేయించారు, చేతులు కడిగించారు, కప్పులో నీళ్ళు కలపకుండా కమోడ్‌లో నీలం రంగు పోశారు, కొళాయికి టేపు వేశారు. కప్పు ఇచ్చిన అమ్మాయి బయట నిలబడింది. నేను ఆఫీసు కిటికీ అద్దంలోంచి చూస్తూ రేడియోలో ఎవరికో తప్పు రోడ్డు పేరు చెప్పాను.

బయటికొచ్చి సంతకం పెట్టేటప్పుడు కాగితం మీద గీత ఎక్కడుందో వెతుక్కున్నాడు. నేను రేడియో వైపు తిరిగిపోయాను.

అక్టోబర్ 23

క్లీన్.

పెల్కీ గారు స్వయంగా నా టేబుల్ దగ్గరికొచ్చి చెప్పారు. అన్నిటికీ క్లీన్. గంజాయి, నొప్పి మాత్రలు, అన్నిటికీ. బాత్‌రూమ్‌కి వెళ్ళి ఏడ్చాను. టేపు ఇంకా కొళాయికి అంటుకునే ఉంది.

సాయంత్రం కేక్ కొన్నాను. ఆర్విడ్ మెడ చుట్టూ చేతులు వేశాను. అతను నా వీపు తట్టాడు, ఓడిపోయిన జట్టు వాళ్ళని తట్టినట్టు. "ఇప్పుడు సంతోషమేనా?" అన్నాడు. సంతోషమే అన్నాను.

అక్టోబర్ 24

సంతోషం ఒక్క రోజే. ఎవరిదో ఒంటేలు చిన్న ప్లాస్టిక్ సంచీలో దాచి తెచ్చుకునేవాళ్ళుంటారని గరాజ్‌లో అంటున్నారు. తొడకి కట్టుకుంటారట, వెచ్చగా ఉండటానికి. నేను వినకూడదనుకున్నాను. విన్నాను.

ఇంటికొచ్చి చెత్తబుట్ట చూశాను. ఛీ.

నవంబర్ 10

మొదటి మంచు. అతనికి ఇచ్చిన రూట్ ఎవరికీ అక్కర్లేనిది, సరస్సు ఒడ్డు రోడ్డు, మలుపులూ, రోడ్డు పక్కన ఇళ్ళ పోస్టుడబ్బాలూ. రేడియోలో అతని గొంతు విని ఎంత కాలమైందో. "ఏడో నంబర్ బయల్దేరింది" అన్నాడు. "జాగ్రత్త, ఏడో నంబర్" అన్నాను. డ్వేన్ నవ్వి, "సరసాలు రేడియోలో వద్దు" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి వేరే నవ్వు.

నా అనుమానాలన్నీ మూటగట్టి సరస్సులో పారేయాలి.

నవంబర్ 15, శనివారం

జింకల వేట మొదలు. ఊళ్ళో మగవాళ్ళెవరూ లేరు. ఆర్విడ్ ఇంట్లో ఉన్నాడు. పదహారేళ్ళప్పటి నుంచి ఒక్క ఏడాది మానలేదు. తుపాకీ అమ్మేశాడేమోనని బీరువా తెరిచాను. అక్కడే ఉంది, నూనె రాసి, మెరుస్తూ.

మనసు లేదన్నాడు.

అమ్మలేదు. తాగడం లేదు. మాత్రలు లేవు. మరి ఏమిటి? ఎవతైనా ఉందా మార్క్వెట్‌లో? ఇది కూడా రాయాల్సి వచ్చింది.

డిసెంబర్ 4, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున తొమ్మిది దాటింది. మంచు పడుతోంది కానీ భయంకరంగా ఏం కాదు, రోడ్డు కనిపిస్తోంది. రేడియోలో ఆర్విడ్ గొంతు. "గ్వెన్" అన్నాడు. రేడియోలో నన్ను ఎప్పుడూ పేరుతో పిలవడు. "గ్వెన్, అంబులెన్స్. చర్చి మలుపు దగ్గర. నేను ఎవర్నో కొట్టాను."

రోండా. పోస్టు బండి రోడ్డు పక్కన ఆపి, నారింజ రంగు కోటు వేసుకుని, ఒకరి పోస్టుడబ్బా ముందు మంచు తవ్వుతోంది. బండి మీద పసుపు లైటు తిరుగుతోంది. ఏడో నంబర్ లారీకి కుడివైపున్న మంచు తోసే బ్లేడు పోస్టు బండి పక్కంతా చీల్చేసి రోండాని మంచు గట్టు మీదికి విసిరేసింది. బండి అడ్డం పడకపోతే ఈపాటికి ఆమె లేదు. తుంటి విరిగింది, మూడు పక్కటెముకలు. ఆపరేషన్.

నేనే అంబులెన్స్‌కి దారి చెప్పాను. నా గొంతు చాలా బాగా పనిచేసింది. అది నా గొంతులా లేదు.

డిసెంబర్ 5

ప్రమాదం జరిగితే రూల్ ప్రకారం మళ్ళీ టెస్ట్. నిన్న ఆసుపత్రిలోనే తీసుకున్నారు, ఊపిరి కూడా ఊదించారు. మొదటి కబురు ఇవాళ్టికే వచ్చింది. క్లీన్.

పెల్కీ గారి మొహంలో ప్రాణం తిరిగొచ్చింది. కౌంటీ మీద నింద పడదు. మంచు వల్ల జరిగిందని రాసుకున్నారు. డ్వేన్ ఆర్విడ్ భుజం మీద చెయ్యి వేసి, "రెండుసార్లూ క్లీన్‌రా నువ్వు. ఎవడేమంటాడో చూస్తా. సోమవారం వరకూ పడుకో, మంగళవారం నుంచి డ్యూటీ" అన్నాడు.

నారింజ రంగు కోటు. పసుపు లైటు. పగలు తొమ్మిది దాటాక. నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

మధ్యాహ్నం భోజనం దగ్గర బంగాళదుంపలు అందించాను. అతని కుడి పక్కన నిలబడి గిన్నె చాపాను. అతను ఎదురుగా నా ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, "దుంపలున్నాయా ఇంకా?" అన్నాడు.

గిన్నె అతని చెవి పక్కనే ఉంది. ఆవిరి వస్తోంది.

కదల్లేదు నేను. గిన్నె మెల్లిగా ముందుకు జరిపాను, ఇంకొంచెం, ఇంకొంచెం. దాదాపు ముక్కు ముందుకి వచ్చాక ఉలిక్కిపడ్డాడు. తలెత్తి నన్ను చూశాడు. నేను చూస్తున్నానని అతనికి అర్థమైంది.

కప్పులు, సావ్నా తలుపు, ప్లేటులో సగం, తాళాలు, జింకలు. నేను వరసగా పోగేసుకున్నవన్నీ ఒక్కసారి పక్కకి తిరిగి నావైపు చూశాయి.

ఎంతవరకు కనిపిస్తుంది అని అడిగాను. చేతులు రెండూ గుండ్రంగా కళ్ళ ముందు పెట్టుకుని చూపించాడు. గొట్టంలోంచి చూసినట్టు. కుడివైపు అది కూడా తక్కువ. గ్లకోమా. కంటి నరం ఎండిపోతోంది. పోయింది పోయినట్టే, చుక్కలు వేసుకుంటే మిగిలింది కొంతకాలం నిలుస్తుంది. చుక్కలు. ఆ సీసా.

మార్చిలో లారీ నడుపుతుండగా ఒక స్కూలు పిల్ల రోడ్డు దాటుతుంటే చూడలేదట. బ్రేక్ వేయలేదు కూడా. పిల్ల దాటిపోయాక అద్దంలో కనిపించిందట. మార్క్వెట్ వెళ్ళి చూపించుకుని, డాక్టర్ చెప్పింది విని, ఏప్రిల్‌లో ఓ పొద్దున చీటీ రాసి పెట్టేశాడు. వ్యాన్ వస్తుందని అతనికెలా తెలుస్తుంది?

జనం మత్తు మందులు అనుకుంటుంటే ఎందుకు ఊరుకున్నావన్నాను. "అనుకోనీ. మత్తు మందులైతే మానేస్తాడులే, బాగుపడతాడులే అనుకుంటారు. కళ్ళంటే ఇంకేముంది? డ్వేన్ గాడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు" అన్నాడు.

మరి తిరిగి ఎందుకెక్కావన్నాను. రోండా పేరెత్తి అరిచాను.

అతను అరవలేదు. "ఏప్రిల్‌లో ఒక్కసారి అడిగావు గ్వెన్. నేనింకా మాట కూడదీసుకుంటున్నాను, ఈలోపే నువ్వు వెతకడం మొదలుపెట్టావు. బండిలో సీసా నువ్వు చూశావని నాకు తెలుసు. రుమాలు మడత నాది కాదు. ఎప్పటికైనా వచ్చి ఇదేంటని అడుగుతావని చూశాను. అడగలేదు. అక్టోబర్‌లో వచ్చి కప్పులో పోసి చూపించమన్నావు. పోశాను. పోశాక ఇంక ఎక్కనని ఎలా అనను? క్లీన్‌గా ఉన్నవాడు ఎందుకు ఎక్కడు? తల తిప్పి తిప్పి చూసుకుంటే ఒక్క చలికాలం గడిపేయొచ్చనుకున్నా" అన్నాడు.

దుంపలు చల్లారిపోయాయి. ఇద్దరం తినలేదు.

డిసెంబర్ 8

రేపు పెద్ద తుఫాను. రేడియోలో పొద్దుట్నుంచీ అదే.

నువ్వే వెళ్ళి చెప్పు అన్నాను. చెప్తానన్నాడు. ఎప్పుడు? ఈ తుఫాను పోనివ్వు, మనుషుల్లేరు, డ్వేన్ ఒక్కడైపోతాడు, తర్వాత చెప్తాను అన్నాడు. తల తిప్పి చూసుకుంటానన్నాడు. రోండా విషయంలో తిప్పలేదా అన్నాను. తిప్పాడట. ఎడమకి.

వాగ్దానం చేయమన్నాను. చేశాడు. నేను నమ్మలేదు. ఎనిమిది నెలలుగా లేని తప్పుని నమ్మాను, ఇప్పుడు మాటిస్తే నమ్మలేకపోతున్నాను.

డిసెంబర్ 9, మంగళవారం

చెప్పేశాను.

అతనికంటే ముందు గరాజ్‌కి వెళ్ళాను. పెల్కీ గారి తలుపు నేనే వేశాను. మొత్తం విని ఆయన మొదట అడిగింది, "నీకెప్పట్నుంచి తెలుసు? రోండా కంటే ముందా, తర్వాతా?" అని. ఆదివారం నుంచి అన్నాను. పెన్ను కోసం జేబు తడుముకున్నారు. నమ్మలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

డ్వేన్‌ని పిలిచారు. డ్వేన్ కోపంతో ఎర్రబడ్డాడు. "రెండుసార్లు క్లీన్ వచ్చాడండీ! ఇంకా ఏం కావాలి మనకి? మొగుడూ పెళ్ళాల తగువు గరాజ్‌లోకి తెస్తుంది ఈవిడ" అన్నాడు. బయట మంచు అడ్డంగా కొడుతోంది, అతని దగ్గర ఎనిమిది లారీలకి ఆరుగురున్నారు.

అప్పుడు ఆర్విడ్ వచ్చాడు. ఏడో నంబర్ పక్కన నిలబడి ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నాడు. పెల్కీ గారు చప్పుడు చేయకుండా బయటికి నడిచి అతని కుడి పక్కకి వెళ్ళి నిలబడ్డారు. దగ్గరే, చెయ్యి చాపితే తగిలేంత. తన ఎర్ర చేతితొడుగు తీసి గాల్లో ఊపారు. ఒకసారి. రెండోసారి, ఇంకా దగ్గరగా.

ఆర్విడ్ కాఫీ పోసుకుని మూత బిగించి ఒక గుక్క తాగాడు.

ఇంజన్లన్నీ ఆన్‌లో ఉన్నాయి, అయినా అందరూ చూస్తున్నారని తెలిసింది. డ్వేన్ నోట్లోంచి "అయ్యో దేవుడా" అని వచ్చింది. ఆ మాటకి ఆర్విడ్ తల తిప్పాడు. ఎర్ర తొడుగు చూశాడు. పెల్కీ గారిని చూశాడు. ఆయన వెనక, ఆఫీసు అద్దంలో, నన్ను చూశాడు.

తాళాలు డ్వేన్ చేతిలో పెట్టి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు, ఆ తుఫానులో. నేను రేడియో దగ్గర కూర్చున్నాను. ఏడో నంబర్ డ్వేన్ తోలాడు.

డిసెంబర్ 14

ఆర్విడ్ నాతో మాట్లాడటం లేదు. తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 22

రోండాని చూడటానికి వెళ్ళాను. ఇంటికి పంపించేశారు, హాల్లో మంచం వేసుకుంది. నేను చెప్పేదాకా ఆగి, "తెలిసే తోలాడా?" అంది. అవునన్నాను. "నువ్వు తోలమన్నావా?" అంది. టెస్ట్ ఇమ్మన్నాను, అంతే అన్నాను. "మత్తు తీసుకుంటాడని ఊరంతా చెప్పింది నేనే కదే" అని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇంక వెళ్ళు గ్వెన్, మళ్ళీ నేను పిలిచేదాకా రావద్దు అంది.

పిలుస్తుందో లేదో తెలియదు.

జనవరి 6

పెల్కీ గారు కబురు పంపారు. ఈసారి రాజీనామా ఇవ్వొద్దట, అనారోగ్య సెలవు కింద రాయిస్తారట, మెల్లిగా వర్క్‌షాప్‌లో బ్లేడ్లు పదును పెట్టే పని చూస్తారట. ముందు ఒంటి పరీక్షలన్నీ చేయించుకోవాలి. కళ్ళు కూడా. కప్పు కూడా.

వంటింట్లో చదివి వినిపించాను. చాలా రోజుల తర్వాత మాట్లాడాడు. "కప్పుదేముంది. అదొక్కటే నాకు బాగా వచ్చు" అన్నాడు.

నేను నవ్వాను. అతను నవ్వలేదు, కానీ కాఫీ ఇంకొంచెం పోయమన్నాడు.

జనవరి 18, ఆదివారం

గడ్డకట్టిన సరస్సు మీద నడిచాం. నా చెయ్యి పట్టుకోనన్నాడు. కుడి పక్క ఏముందో చెప్పమన్నాడు.

చేపలు పట్టేవాళ్ళ గుడిసె ఉంది, పొగ వస్తోంది, ఒక ఎర్ర బకెట్ ఉంది అన్నాను. ఇంకా అన్నాడు. ఒడ్డున మూడు జింకలు నిలబడి మనల్నే చూస్తున్నాయి అన్నాను.

ఆగాడు. తల పూర్తిగా కుడికి తిప్పి, చాలాసేపు చూశాడు.

"రెండే ఉన్నాయి" అన్నాడు. మూడోది ఇంకొంచెం కుడికి ఉందన్నాను.